కుష్ఠు ఎక్కణ్నుంచి వస్తోంది: మనిషి నుంచా, మట్టి నుంచా, అడవి జంతువుల నుంచా?

దక్షిణ ఒడిశాలో గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఒక ఇంట్లో కుష్ఠు తేలిందంటే మందుల సంగతి తర్వాత. ముందు వచ్చే మాట "మా ఇంటా వంటా లేని రోగం, ఎక్కణ్నుంచి పట్టుకుంది?" అని. జవాబులకు కొదవ ఉండదు. చెలమ నీళ్లన్నవాళ్లు ఒకరు, గెడ్డలో స్నానమన్నవాళ్లు ఒకరు, గేదెల పుండ్లు కడిగినందుకేనన్నవాళ్లు ఇంకొకరు. అమెరికాలో ఆర్మడిల్లో అనే జంతువు నుంచి కుష్ఠు సోకుతోందన్న వార్త ఫోన్లకెక్కాక, కొండల్లో అలుగును (ఒళ్లంతా పొలుసులుండే పాంగోలిన్) కోసుకుతిన్నవాళ్లకు వస్తుందన్న మాట కూడా తోడైంది. ప్రాణహిత ఒడ్డున మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి తెలుగువాళ్ల దగ్గరా దాదాపు ఇవే కబుర్లు.

ఇవన్నీ ఒట్టి పుకార్లని కొట్టిపారేయడానికి లేదు. కొన్నిటి వెనక గట్టి పరిశోధన ఉంది, కానీ అది వేరే దేశంలో, వేరే జంతువు మీద జరిగింది. కొన్నిటికి సగం ఆధారమే ఉంది. ఏ వార్త చూసినా నాలుగు సంగతులు విడివిడిగా అడగాలి. అక్కడ ఈ బ్యాక్టీరియా ఆనవాలు దొరికిందా? దొరికింది బతికే ఉందా? అది మనిషికి అంటిందని తేలిందా? అంటితే ఎటునుంచి ఎటు వెళ్లింది? పత్రికల్లో వచ్చేది చాలాసార్లు మొదటి ప్రశ్నకు జవాబే. చదివేవాళ్లు దాన్ని మూడోదానికి జవాబుగా తీసుకుంటారు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

రెండు వారాలకొక్కసారి రెట్టింపయ్యే బ్యాక్టీరియా

కుష్ఠుకు కారణం మైకోబ్యాక్టీరియం లెప్రే. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ దీన్ని గుర్తించాడు. నూట యాభై ఏళ్లు దాటినా దీన్ని ల్యాబులో గాజు పళ్లెంలో పెంచడం ఇంతవరకూ ఎవరివల్లా కాలేదు. దీనికి మూలం వెతకడం ఇంత కష్టం కావడానికి సగం కారణం అదే.

ఇది పెరిగే వేగం ఎంతో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఒక్క కణం నుంచి పది లక్షల కణాలు కావాలంటే సుమారు 20 సార్లు రెట్టింపవ్వాలి. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనుకూలమైన చోట 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. దానికి 6 గంటల 40 నిమిషాలు చాలు. కుష్ఠు బ్యాక్టీరియా రెట్టింపవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అదే పది లక్షలకు చేరడానికి దీనికి 40 వారాలు, అంటే తొమ్మిది నెలల పైమాట.

2001లో దీని జన్యుపటం పూర్తిగా చదివారు. అందులో సుమారు 32.7 లక్షల అక్షరాలు, పనిచేసే జన్యువులు దాదాపు 1,600. చెడిపోయి పనికిరాకుండా మిగిలినవి 1,100కు పైనే. దీని దగ్గరి చుట్టమైన టీబీ బ్యాక్టీరియాకు పనిచేసే జన్యువులు 4,000 దాకా ఉంటాయి. అంటే సొంతంగా బతకడానికి కావలసిన సరంజామా చాలావరకు పోగొట్టుకుని, ఇతర జీవుల కణాల్లో దూరి బతకడానికి అలవాటు పడిన బ్యాక్టీరియా ఇది. మట్టిలోనో నీళ్లలోనో ఇది కొంతకాలం నిలవగలదా అన్నది ఒక ప్రశ్న. అక్కడే పిల్లల్ని పెడుతూ పెరగగలదా అన్నది వేరే ప్రశ్న. రెండోదాని మీద నిపుణులకు అనుమానాలెక్కువ.

ఇంకొక గుణం: దీనికి చల్లని చోటు కావాలి, సుమారు 27 నుంచి 33 డిగ్రీలు. అందుకే మన ఒంట్లోనూ ముక్కు, చెవి తమ్మెలు, చేతులు, పాదాల నరాల దగ్గర స్థిరపడుతుంది. 1960లో ఎలుక పాదంలో దీన్ని పెంచగలిగింది ఈ గుణం వల్లే. ఇవాళ్టికీ ఒక నమూనాలోని బ్యాక్టీరియా బతికుందో లేదో గట్టిగా చెప్పాలంటే ఎలుక పాదంలోకి ఎక్కించి నెలల తరబడి ఆగాల్సిందే.

"ఇంట్లో ఎవరికీ లేదు" అంటే ఏం తేలినట్టు?

ఇప్పటికీ బలమైన ఆధారమున్న దారి మనిషి నుంచి మనిషికి, అదీ ముఖ్యంగా ముక్కు ద్వారా. మందు మొదలుపెట్టని రోగుల్లో, బ్యాక్టీరియా ఎక్కువగా ఉండే రకం (ఆసుపత్రి చీటీ మీద ఎంబీ అని రాస్తారు) వాళ్ల ముక్కు స్రావాల్లో రోజుకు కోటి దాకా బ్యాక్టీరియా బయటపడవచ్చు. చెయ్యి తగిలితేనో పక్కన కూర్చుంటేనో అంటేది కాదు, నెలలు, ఏళ్ల తరబడి దగ్గరి సావాసం కావాలి. పైగా నూటికి 95 మందికి సహజంగానే దీన్ని తట్టుకునే శక్తి ఉంటుంది. రిఫాంపిసిన్ అనే మందు కలిసిన ఎండీటీ (పలు మందుల చికిత్స) మొదలైతే రోగి నుంచి ఇతరులకు సోకడం త్వరలోనే ఆగిపోతుంది.

అయితే ఇంట్లో ఇంకెవరికీ లేకుండా ఒక్కరికే ఎందుకొస్తుంది? ఇక్కడ రెండు లెక్కలు చూడాలి.

మొదటిది కాలం లెక్క. సోకిన తర్వాత మచ్చ కనబడడానికి సగటున అయిదేళ్లు, కొందరికి ఇరవై ఏళ్లు కూడా. పంటలయ్యాక ఏటా ఇటుక బట్టీలకు వెళ్లే గుణుపురం దగ్గరి మనిషి ఒకడున్నాడనుకుందాం. 2025లో వీపు మీద మొద్దుబారిన మచ్చ చూసుకున్నాడు. సోకింది 2020 ప్రాంతంలో కావచ్చు, 2008లో కూడా కావచ్చు. ఈలోగా ఏ బట్టీలో ఏ గుడిసెలో ఎవరి పక్కన ఆరేసి నెలలు పడుకున్నాడో అతనికే గుర్తుండదు. మిరపకాయ కోతకు గోదావరి దాటి తెలంగాణకు వచ్చే సిరొంచ కూలీలదీ అదే కథ. "రోగి ఎవరూ తెలియదు" అంటే అర్థం గుర్తులేదనే, ఎదురుపడలేదని కాదు.

రెండోది జనాభా లెక్క. ఇది చాలామంది పట్టించుకోరు. వెయ్యిమంది ఉన్న ఊరు, అందులో 20 మంది రోగులున్న ఇళ్లలో ఉంటున్నారు, మిగతా 980 మందికి ఇంట్లో రోగి లేడు. కొన్నేళ్ల వ్యవధిలో ఈ 980 మందికి రోగం వచ్చే అవకాశం వెయ్యికి 2 అనుకుందాం. ఎంబీ రోగితో కలిసి ఉండేవాళ్లకు ముప్పు సుమారు ఎనిమిది రెట్లని పాత సర్వేలు చెబుతాయి, అంటే వెయ్యికి 16. ఇప్పుడు గుణించండి. ఇంట్లో రోగి ఉన్నవాళ్ల నుంచి వచ్చే కొత్త కేసులు 20 × 16 ÷ 1000, అంటే 0.32. లేనివాళ్ల నుంచి 980 × 2 ÷ 1000, అంటే 1.96. ముప్పు ఎనిమిది రెట్లున్నా, ప్రతి ఏడు కేసుల్లో ఆరు "ఇంట్లో ఎవరికీ లేని" ఇళ్ల నుంచే వస్తాయి. అంకెలు ఉదాహరణకు పెట్టినవే గానీ తర్కం నిజమైనది. బయటివాళ్లు మరీ ఎక్కువమంది కాబట్టి అలా కనిపిస్తుంది. ఇంట్లో రోగి లేకపోవడం మాత్రమే చూపించి మట్టినో జంతువునో దోషిని చేయలేం.

ఆర్మడిల్లో మీద నేరం ఎలా రుజువైంది

ఆర్మడిల్లో అమెరికా ఖండాల జంతువు. ఒంటి వేడి 32 నుంచి 35 డిగ్రీలే, మన ఒంటికన్నా తక్కువ, కుష్ఠు బ్యాక్టీరియాకు అనువైన చలువ. 1971లో ల్యాబులో దానికి కుష్ఠు ఎక్కించగలిగారు. పరిశోధనకు కావలసినంత బ్యాక్టీరియా దొరికింది అప్పటినుంచే. 1975లో లూసియానా అడవుల్లో తిరిగే ఆర్మడిల్లోల్లోనూ ఇదే రోగం కనబడింది. ఇది మొదటి ప్రశ్నకు జవాబు మాత్రమే. మిగతా వాటికి ఇంకో 36 ఏళ్లు పట్టింది.

2011లో రిచర్డ్ ట్రూమన్ బృందం జన్యురకాలను పోల్చి చూసింది. అడవి ఆర్మడిల్లోలు 33లో 28కి ఒకే ప్రత్యేక రకం ఉంది. ఆ జంతువులు తిరిగే ప్రాంతాల్లో ఉంటున్న 39 మంది రోగుల్లో 25 మందికీ అదే రకం. అసలు బలమంతా ఇక్కడే ఉంది: ఆ రకం ప్రపంచంలో ఇంకెక్కడా కనబడలేదు. బయటి దేశాల నుంచి మనుషులు మోసుకొచ్చి ఉంటారన్న వాదనకు దాంతో చోటు లేకుండా పోయింది. 2018లో బ్రెజిల్‌లోని పరా రాష్ట్రంలో ఆర్మడిల్లోలను వేటాడి తినే ఊళ్లు చూశారు. పరీక్షించిన 16 జంతువుల్లో 10కి సోకి ఉంది. తరచుగా వాటిని తినేవాళ్ల రక్తంలో ఈ బ్యాక్టీరియాకు సంబంధించిన ప్రతిరక్షకాలు ఎక్కువగా ఉన్నాయి.

నాలుగో ప్రశ్న, ఎటునుంచి ఎటు అన్నది, ఇక్కడ విచిత్రంగా తిరుగుతుంది. మైకోబ్యాక్టీరియం లెప్రే అమెరికా ఖండాలకు వెళ్లింది యూరప్, ఆఫ్రికాల నుంచి ఓడల్లో వచ్చిన మనుషులతోనే. అంటే రోగం ముందు మనిషి నుంచి ఆర్మడిల్లోకు పోయి, శతాబ్దాల తర్వాత అక్కణ్నుంచి మనిషికి తిరిగొస్తోంది. దీనికి తోబుట్టువు లాంటి ఇంకో బ్యాక్టీరియా, మైకోబ్యాక్టీరియం లెప్రోమటోసిస్, 2008లో బయటపడింది. అది మాత్రం యూరోపియన్ల రాకకు ముందే ఆ ఖండాల్లో ఉందని 2025లో ప్రాచీన అస్థికల పరీక్షల్లో తేలింది.

ఇక మన కొండల అలుగు. పొలుసులు, చుట్టుకుపోయే తీరు చూసి ఆర్మడిల్లో ఫొటో పక్కన పెడితే ఎవరైనా పొరబడతారు. బంధుత్వం మాత్రం లేదు. ఆర్మడిల్లో అమెరికా చీమలతినే జంతువులకూ స్లాత్‌లకూ చుట్టం. అలుగు దగ్గరి బంధువులు పిల్లి, కుక్కల జాతులు. అలుగు నుంచి మనిషికి కుష్ఠు సోకిందని ఎక్కడా రుజువు కాలేదు. దాన్ని చంపకపోవడానికి కుష్ఠు కారణం అక్కర్లేదనుకోండి, వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్ ఒక్కటే చాలు.

ఉడుతలు, చింపాంజీలు

2016లో బ్రిటన్, ఐర్లండ్ ఎర్ర ఉడుతల్లో ఈ రెండు బ్యాక్టీరియాలూ బయటపడ్డాయి. ఇంగ్లండ్ దక్షిణాన బ్రౌన్‌సీ అనే చిన్న దీవి ఉడుతల్లో ఉన్నది మధ్యయుగాల్లో అక్కడి మనుషులకు సోకిన రకానికి దగ్గరిది. 2024లో వించెస్టర్‌లో మధ్యయుగపు ఉడుత ఎముకలోనూ దొరికింది. ఆ రోజుల్లో ఉడుత చర్మాలతో అంచులు కుట్టడం, ఉడుతల్ని పెంచుకోవడం మామూలే. అయినా ఇవాళ్టి బ్రిటన్‌లో ఉడుత నుంచి మనిషికి సోకిన కేసు నమోదు కాలేదు. మన పెరట్లో తిరిగే చారల ఉడుత వేరే జాతి, దాన్ని ఈ కథలోకి లాగడానికి ఆధారమేమీ లేదు.

చింపాంజీల సంగతి ఇంకా ఆలోచింపజేసేది. గినీ బిసావు, ఐవరీ కోస్ట్ అడవుల్లోని చింపాంజీలకు కుష్ఠు ఉన్నట్టు 2021లో ప్రకటించారు. ముఖం మీద గడ్డలు, వంకర్లు పోయిన వేళ్లు, అచ్చం మనిషికి వచ్చినట్టే. మనుషులతో నెలల తరబడి దగ్గరి సావాసం వాటికి ఉన్నట్టు లేదు, వాటిలోని రకాలు మనుషుల్లో అరుదైనవి. వాటికి ఎక్కణ్నుంచి వచ్చిందో తేలలేదు. ఇంకో జంతువో, పరిసరాలో మూలమై ఉండవచ్చనే అనుమానానికి ఇప్పటికి దొరికిన బలమైన ఆధారం ఇదేనని నా అభిప్రాయం.

ఎలుకల కుష్ఠు, పిల్లుల కుష్ఠు, గేదెల కుష్ఠు అని పాత పశువైద్య పుస్తకాల్లో కనబడేవి వేరు. వాటికి కారణం ఇదే కుటుంబంలోని వేరే బ్యాక్టీరియాలు. గేదె చర్మం మీద గడ్డలున్నంత మాత్రాన పాలు పితికేవాళ్లకు కుష్ఠు వస్తుందనడానికి ఆధారం లేదు. నల్లులు, గోమార్ల మీద ల్యాబుల్లో చేసిన ప్రయోగాలదీ అంతే: బ్యాక్టీరియా వాటి ఒంట్లో కొన్నాళ్లు నిలిచిందని చూపారు, ఊళ్లో అలా సోకిందని చూపలేదు.

మట్టి, నీళ్లు: మన దేశపు పరిశోధనలు చెప్పేది

ఈ భాగంలో పని ఎక్కువగా జరిగింది భారతదేశంలోనే. కె.వి. దేశికన్, శ్రీవత్స 1995లో ప్రచురించిన ప్రయోగాలు ఇప్పటికీ అందరూ ఉదహరిస్తారు. రోగుల నుంచి తీసిన బ్యాక్టీరియాను రకరకాల పరిస్థితుల్లో ఉంచి, తర్వాత ఎలుక పాదంలో పెట్టి బతికుందో లేదో చూశారు. నీడలో ఆరినది అయిదు నెలల దాకా, తడి మట్టిలో 46 రోజులు, మామూలు వేడిలో ఉప్పునీటి ద్రావణంలో 60 రోజులు బతికింది. రోజుకు మూడు గంటల ఎండ తగిలితే ఏడు రోజులు. ఎండ తగలని, తేమ ఆరని చోట్ల ఇది కొన్ని వారాలు, నెలలు ఓపిక పట్టగలదన్నమాట. వంశధార లోయ ఊళ్లలో శ్రావణ, భాద్రపదాల ముసురులో ఇంటి వెనక జాలాడి చోటును తలుచుకుంటే ఇది ఆషామాషీ సంగతి కాదు.

ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని ఘాటంపూర్, పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా ప్రాంతాల మట్టిలో, నీళ్లలో దీని జన్యుపదార్థం దొరికింది. రోగులున్న వాడల్లో ఎక్కువగా, లేని వాడల్లో తక్కువగా దొరికింది. కొన్ని అధ్యయనాల్లో డీఎన్ఏతో ఆగకుండా ఆర్ఎన్ఏ (డీఎన్ఏ నుంచి కణం తీసుకునే నకలు) కూడా చూశారు. కణం చచ్చాక ఆర్ఎన్ఏ త్వరగా చెడిపోతుంది కాబట్టి అది దొరికితే బ్యాక్టీరియా ఈమధ్య వరకు బతికుందనుకోవచ్చు. డీఎన్ఏ ఒక్కటే దొరికితే అది వేయించిన విత్తనం లాంటిది కావచ్చు: చూడటానికి విత్తనమే, మొలకెత్తుతుందన్న పూచీ లేదు.

2014లో ఇంకో దారి తెలిసింది. చెరువుల్లో, మట్టిలో ఉండే అమీబాలు ఈ బ్యాక్టీరియాను మింగుతాయి, కానీ అరిగించుకోలేవు. అమీబా గట్టి పొర కట్టుకుని నిద్రావస్థలోకి వెళ్తే లోపలి బ్యాక్టీరియా ఎనిమిది నెలల దాకా బతికుంటుందని ల్యాబులో చూశారు. మట్టిలో సొంతంగా బతకలేనిది మట్టిలో ఇంకో జీవి కడుపులో బతకగలదన్న ఆలోచనకు బలం అక్కణ్నుంచి వచ్చింది.

ఇప్పుడు ఒక చెలమను ఊహించుకుందాం. రాయగడ జిల్లాలో ఒక ఊరు, గెడ్డ ఒడ్డున చెలమ, నాలుగిళ్లవాళ్లు అక్కడే నీళ్లు తోడుకుంటారు, స్నానాలు చేస్తారు. ఆ ఇళ్లలో ఇద్దరు రోగులున్నారు. నీళ్లు పరీక్షకు పంపితే కుష్ఠు బ్యాక్టీరియా ఆనవాలు ఉందని వచ్చింది. ఇందులో ఎన్ని చిక్కులున్నాయో చూడండి.

మొదటి చిక్కు పరీక్షలోనే. ఎక్కువగా వాడేది ఆర్ఎల్ఈపీ అనే జన్యుభాగాన్ని వెతికే పీసీఆర్ అనే ల్యాబు పరీక్ష. ఈ భాగం బ్యాక్టీరియాలో ముప్పైకి పైగా చోట్ల ఉంటుంది కాబట్టి కొంచెం ఉన్నా పట్టుకుంటుంది. కానీ మట్టిలో, నీళ్లలో ఇదే కుటుంబంలోని ఇతర బ్యాక్టీరియాలు బోలెడు. వాటిలో కొన్నిటికి ఇలాంటి భాగాలే ఉండి పరీక్షను మోసం చేయగలవు. రెండో చిక్కు, అది బతికుందో లేదో. మూడోది, రోగులు అక్కడే ముక్కు చీది, మొహం కడుక్కుంటున్నారు. చెలమ నుంచి వాళ్లకు వచ్చిందా, వాళ్ల నుంచి చెలమలోకి వెళ్లిందా?

జన్యురకం పోల్చి తేల్చేద్దామంటే ఆర్మడిల్లో దగ్గర దొరికిన సులువు ఇక్కడ లేదు. భారతదేశంలో రోగుల్లో అత్యధికంగా కనబడేది శాస్త్రవేత్తలు ఒకటో రకమని పిలిచే జన్యురకమే. చెలమలో ఒకటో రకం, రోగుల్లో ఒకటో రకం, సరిపోయిందంటే అది రుజువు కాదు. ఏ ఊరి చెలమను ఏ ఊరి రోగితో పోల్చినా సరిపోయే అవకాశమే ఎక్కువ. ఇంకా లోతుకు వెళ్లి మొత్తం జన్యుపటాలు పోలుద్దామన్నా ఈ బ్యాక్టీరియా మారే వేగం మరీ తక్కువ, దశాబ్దాలకు ఒక్క అక్షరం. అయిదారేళ్ల క్రితం ఎవరి నుంచి ఎవరికి అన్నది అందులో రాసి ఉండదు.

ఇండోనేషియాలోని మలూకు దీవుల్లో, ఆనవాలు దొరికిన నీళ్లతో స్నానం చేసేవాళ్లలో కుష్ఠు ఎక్కువగా ఉందని ఒక అధ్యయనం ఉంది. బ్రెజిల్‌లోని సియరా రాష్ట్రంలో చెరువులు, వాగుల్లో స్నానం చేసే అలవాటుకూ రోగానికీ సంబంధం కనిపించింది. తీసిపారేయదగ్గవి కావు ఇవి. కానీ ఒకే నీళ్లు వాడేవాళ్లు ఒకే వాడవాళ్లు కూడా. ఒకే పేదరికం, ఒకే ఇరుకు గదులు.

కేసులు ఎందుకు ఆగడం లేదు: రెండు వాదనలు

2005 చివరికి దేశంలో కుష్ఠు పదివేల మందికి ఒకటి కన్నా తగ్గింది. తర్వాత పదేళ్లకు పైగా ఏటా కొత్త కేసులు 1.25 నుంచి 1.4 లక్షల మధ్యే నిలిచిపోయాయి. ఇప్పుడు సుమారు లక్ష, ప్రపంచంలో వచ్చే కొత్త కేసుల్లో సగానికి పైన. ఒడిశా, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ ఎప్పుడూ ముందు వరుసలోనే ఉంటాయి. ఇన్నేళ్లుగా ఉచితంగా మందులిస్తున్నా ఊట ఆగలేదంటే మనిషి కాకుండా ఇంకో మూలం ఉండి తీరాలని పరిసరాల వాదులంటారు.

రెండోవైపు వాళ్ల జవాబు గట్టిగానే ఉంది. 2005 తర్వాత కుష్ఠు పని సాధారణ ఆరోగ్య సేవల్లో కలిసిపోయి, ఇంటింటికీ తిరిగి మచ్చలు చూసే ప్రత్యేక సిబ్బంది తగ్గిపోయారు. దొరకని రోగి మందు లేకుండా ఏళ్ల తరబడి ఇతరులకు అంటిస్తూ ఉంటాడు. 2016లో ఇంటింటి గాలింపు మొదలుపెట్టాక దాగున్న కేసులు బయటపడటం ఇందుకు సాక్ష్యం. అయిదేళ్లు, పదేళ్లు పట్టే రోగం కాబట్టి ఇవాళ్టి కేసులు నిన్నటి నిర్లక్ష్యానివి. రోగి చుట్టుపక్కలవాళ్లకు ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇస్తే రెండేళ్లలో కొత్త కేసులు 57 శాతం తగ్గాయని బంగ్లాదేశ్ అధ్యయనం 2008లో చూపింది. మనిషి సంపర్కమే ప్రధానం కాకపోతే అంత తేడా రాదని వీళ్ల వాదన.

నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది, భారతదేశం వరకు. ఇక్కడ ఏ జంతువూ మనిషి కుష్ఠుకు మూలమని రుజువు కాలేదు. మట్టి, నీళ్లు మొదటి ప్రశ్న దాటాయి, రెండోది సగం దాటాయి, మూడోదాని దగ్గర ఆగాయి. అవి రోగి నుంచి పక్కింటికి వెళ్లే దారిలో మధ్య మజిలీ కావచ్చు. అలా అయినా రోగిని త్వరగా పట్టుకుని మందిస్తే ఆ మజిలీకి సరఫరా ఆగిపోతుంది. రోగులతో పనిలేకుండా మట్టిలోనో నీళ్లలోనో బ్యాక్టీరియా సొంతంగా పెరుగుతుంటేనే లెక్క మారుతుంది.

ఏది దొరికితే తేలుతుంది

రోగి ఎన్నడూ లేని చోటి మట్టి నుంచి తీసిన బ్యాక్టీరియా ఎలుక పాదంలో పెరిగితే అది పెద్ద అడుగు. ఒక ప్రాంతంలో రోగులందరినీ పట్టుకుని మందిచ్చి, చుట్టూ ఉన్నవాళ్లకు రిఫాంపిసిన్ ఇచ్చి, వలస వెళ్లి వచ్చేవాళ్లనూ ఏటా పరీక్షించి, పదేళ్ల తర్వాత కూడా పిల్లల్లో కొత్త కేసులు వస్తుంటే పరిసరాల మీద అనుమానం న్యాయమవుతుంది.

పిల్లలే ఎందుకంటే వాళ్ల కాలం లెక్క చిన్నది. నలభై ఏళ్ల కూలీ ఏ బట్టీలో ఎవరి పక్కన పడుకున్నాడో తేలదు. ఏడేళ్ల పిల్ల ఎక్కడెక్కడ పెరిగింది, ఏ చెలమ నీళ్లు తాగింది, ఏ అమ్మమ్మ ఒళ్లో పడుకుంది అన్నది తల్లిని కూర్చోబెట్టి అడిగితే ఒక పూటలో రాసుకోవచ్చు. చాలాసార్లు ఆ జాబితాలో ఉన్న పెద్దవాళ్లందరి వీపులూ చెవి తమ్మెలూ చూస్తే, అప్పటిదాకా ఎవరూ గమనించని మచ్చ ఒకరి ఒంటి మీద దొరుకుతుంది. అలా చుట్టూ ఉన్న పెద్దవాళ్లెవరి ఒంటి మీదా మచ్చ దొరకని పిల్లల చెలమల నుంచి, వాళ్లు ఆడుకునే మట్టి నుంచి తీసే నమూనాలకే ఈ వివాదంలో ఎక్కువ విలువ.